సెలవు నా పేరు మీదే

మా ఆయనతో పోట్లాడి ఎంతకాలమైందో. ఆయనకి పక్షవాతం వచ్చినప్పటి నుంచీ లేదనే చెప్పాలి. జబ్బు మనిషితో ఎవరు పోట్లాడతారు? అంతకుముందు మా ఇంట్లో పొద్దున కాఫీతో పాటు ఓ చిన్న గొడవ ఉండాల్సిందే. జగ్గయ్యపేటలో ఆయనకి ఎరువుల కొట్టు ఉండేది. పగలంతా మిర్చి రైతులతో మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చినా గొంతు తగ్గేది కాదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ప్రభుత్వం దాకా దేని మీదైనా ఆయనకో మాట ఉండేది, దానికి ఎదురు నాకో మాట ఉండేది. పక్కింటివాళ్ళు మా గోల విని నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు నేనేమన్నా తలూపుతారు. ఆ తలూపడం చూస్తే నాకు ఏడుపొస్తుంది.

నాది నందిగామలో ఆఫీసు ఉద్యోగం. పొద్దున్నే ఆయనకి ఒళ్ళు తుడిచి, జావ తాగించి, మాత్రలు వేసి, పగలు చూసుకునే ఆవిడ గుమ్మంలోకి రాగానే చెప్పులేసుకుని పరిగెత్తేదాన్ని. సాయంత్రం వచ్చాక చేతికీ కాలికీ వ్యాయామం, మళ్ళీ జావ, మళ్ళీ పక్క మార్చడం. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి రోజూ ఫోన్ చేసి "నాన్న ఎలా ఉన్నారమ్మా?" అని అడిగేది. ఆఫీసులో అడుగు పెడితే "సార్ ఎట్టా ఉన్నారండీ?" పాలు పోసే ఆయన కూడా అదే ప్రశ్న. అందరికీ "పర్లేదండి" అని ఒకటే జవాబు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, మంచివాళ్ళు కాబట్టే అడిగారు. కానీ ఒక్కోసారి దారిన పోయేవాళ్ళని ఆపి, నేనెలా ఉన్నానో కూడా కాస్త అడగండి అని చెప్పాలనిపించేది.

నాకున్న సెలవులన్నీ ఆయన ఆస్పత్రులకే సరిపోయేవి. నాకు జ్వరమొస్తే మాత్ర మింగి ఆఫీసుకే పోయేదాన్ని. ఈ రోజు నేను సెలవు వాడేసుకుంటే రేపు ఆయనకి అవసరమైనప్పుడు ఏం పెట్టాలి? ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్ళకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

అలా నెట్టుకొస్తుండగా ఏదో తేడా చేసింది. ఫైలు ముందేసుకుని కూర్చుంటే ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఓ రోజు గుండుసూదుల డబ్బా కనబడలేదని అటెండరు మీద విరుచుకుపడి, బాత్రూములోకి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాను. నిజానికి డబ్బా నా టేబుల్ మీదే ఉంది.

ఆ వారమే బస్సు సంగతి జరిగింది. నందిగామలో హైదరాబాదు వైపు వెళ్ళే బస్సెక్కి, చిల్లకల్లులో దిగి, అక్కణ్ణించి ఆటోలో ఇల్లు చేరడం నా అలవాటు. ఆ సాయంత్రం కండక్టరు "చిల్లకల్లు, చిల్లకల్లు" అని అరుస్తూనే ఉన్నాడు. వినబడింది. లేవలేదు. లేవాలనిపించలేదు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దిగి, దాబా ముందు కుర్చీలో కూర్చుని టీ తాగాను. లారీలు ఒకదాని వెనక ఒకటి తెలంగాణలోకి పోతున్నాయి. వాటిల్లో ఏదో ఒకటి ఎక్కి పోతే బాగుండునని మనస్ఫూర్తిగా అనుకున్నాను. టీ ఇచ్చినాయన "ఎటు పోవాలమ్మా?" అని అడిగాడు. ఎంత ఆలోచించినా నోట్లోంచి ఊరి పేరు రాలేదు. అప్పుడు భయమేసింది. ఇంకో రోజు ఇలాగే కూర్చుండిపోతే ఇంటికి రానేమో, మంచంలో ఉన్న మనిషి గతి ఏమిటని భయమేసింది.

మర్నాడు విజయవాడ నుంచి నందిగామ వచ్చే ఓ డాక్టరమ్మకి చూపించుకున్నాను. మా వైపు మనసు జబ్బులు చూసేవాళ్ళని మర్యాదగా నరాల డాక్టరు అంటారు. ఆవిడ చాలాసేపు విని, ఇది డిప్రెషన్ అని చెప్పి, మందులు రాసి, కొన్నాళ్ళు సెలవు పెట్టమంది.

"టైఫాయిడ్ అని రాయండి మేడమ్, కాస్త గౌరవంగా ఉంటుంది" అన్నాను.

"ఉన్నదే రాస్తానండి. మీకు జబ్బు చేసింది. దాన్లో అగౌరవం ఏముంది?" అంది.

భయపడుతూ ఆ కాగితం తీసుకెళ్ళి మా సూపరింటెండెంటు గారికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి కూడా చూడలేదు. "అయ్యో, సార్‌కి మళ్ళీ బాగోలేదా? మీరెళ్ళండమ్మా, ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. సెలవు నాకండీ అని చెప్పడానికి నోరు తెరిచాను. అంత ఆప్యాయంగా అన్న మనిషితో ఆ మాట ఎలా చెప్పడం? దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇక సెలవు వైభోగం. పగలు వచ్చే ఆవిడ మర్నాడే "మీరింట్లోనే ఉన్నారుగా అమ్మా, నేను మా అక్కోళ్ళింటికి మైలవరం పోయొస్తా" అని వెళ్ళిపోయింది. అంతకుముందు సగం రోజు చేసే పని ఇప్పుడు రోజంతా నాదే. మధ్యాహ్నం ఓ గంట పడుకుందామంటే పక్క గదిలోంచి పిలుపు. కానీ ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. పొద్దున నేను చెప్పులేసుకోకపోవడం చూసి చిన్నపిల్లాడిలా నవ్వేవారు. నా సెలవు తన కోసమే అనుకున్నారు. నేనూ కాదనలేదు. మా ఇళ్ళల్లో జబ్బు మనిషి దగ్గర కష్టం మాట ఎత్తరు. దగ్గరివాళ్ళ చావు కబురొచ్చినా గడప అవతలే గుసగుసగా చెప్పుకుంటారు. నా మాత్రలు వంటింట్లో పోపుల డబ్బా వెనక పెట్టుకుని, ఆయనకి కనబడకుండా మింగేదాన్ని.

రెండో శనివారం మధ్యాహ్నం ఆఫీసువాళ్ళు పరామర్శకొచ్చారు. ఎవరైనా జబ్బుపడి సెలవు పెడితే అందరూ కలిసి పళ్ళు కొనుక్కుని చూసి రావడం మా ఆఫీసులో ఎప్పటి నుంచో ఉంది. కారు దిగుతుంటే కిటికీలోంచి చూశాను. బత్తాయిలు, రొట్టె, కొబ్బరిబోండాలు. చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. కాగితం ఎవరో చదివే ఉంటారు, నన్ను చూడ్డానికే వచ్చారు అనుకుని, గబగబా జుట్టు సరిచేసుకుని ఎదురెళ్ళాను.

వాళ్ళు నన్ను దాటుకుని గదిలోకి వెళ్ళారు. బత్తాయిలు ఆయన తలగడ పక్కన పెట్టారు. మంచం చుట్టూ కుర్చీలేసుకుని, పక్షవాతం చెవులకి కూడా వచ్చినట్టు గట్టిగట్టిగా మాట్లాడారు. "ధైర్యంగా ఉండండి సార్. మేడమ్ ఓర్పు చూసి మేమందరం నేర్చుకోవాలండీ." నేను వంటింట్లో అందరికీ టీ పెట్టాను. బోండాం నీళ్ళు ఆయనకి గ్లాసులో పోసి ఇచ్చాను. కప్పులు అందిస్తుంటే సూపరింటెండెంటు గారు నవ్వుతూ, "సార్ కోలుకున్నట్టే ఉన్నారు కదమ్మా. సోమవారం వచ్చేస్తారా మరి? మీ సీట్లో పని పేరుకుపోయింది" అన్నారు.

చేతిలో ఉన్న ట్రే కింద పెట్టేశాను.

"సెలవు ఆయనకి కాదండీ. నాకు. ఒంట్లో బాగోలేనిది నాకు."

మా సెక్షనావిడ నన్ను ఎగాదిగా చూసి, "మీకేమైందండీ, శుభ్రంగా తిరుగుతున్నారుగా" అంది. అందులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే ఆవిడకి కనబడలేదు. నరాల డాక్టరు పేరు చెప్పాను, మందులు వాడుతున్నానని చెప్పాను. అలాంటి జబ్బుకి ఏం మాట్లాడాలో, పళ్ళు ఎవరి చేతికివ్వాలో మాకెవరికీ తెలియదు. టీ తాగేసి, "రెస్టు తీసుకోండమ్మా" అని మెల్లగా లేచారు. సూపరింటెండెంటు గారు గుమ్మం దగ్గర ఆగి, సెలవు పొడిగించుకోమన్నారు.

వాళ్ళు వెళ్ళాక కప్పులు ఏరడానికి గదిలోకి వచ్చాను. ఆయన నా వంకే చూస్తున్నారు. నవ్వు లేదు. ఎప్పుడూ ఊపే తల ఊపలేదు. పెదవి ఒక పక్కకి లాగుతుంటే, మాట మాట కూడదీసుకుని అడిగారు.

"నాతో... చెప్పలేదేం?"

కోపంగానే అడిగారు. అంత కోపం ఆయన మొహంలో చూసి ఎన్నాళ్ళయిందో. నాకూ ఎక్కడలేని రోషం వచ్చింది.

"చెప్తే మీరేం చేస్తారు? లేచి జావ కాస్తారా?"

ఆయన జవాబు కోసం చాలాసేపు కష్టపడ్డారు. నేను అందించలేదు.

"వింటా" అన్నారు.

కప్పులు అక్కడే వదిలేసి మంచం అంచున కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గుండుసూదుల డబ్బాతో మొదలుపెట్టాను. అటెండరుని తిట్టడం, బాత్రూములో ఏడవడం, దిగకుండా కూర్చున్న బస్సు, ఊరి పేరు నోట్లోంచి రాకపోవడం. మధ్యాహ్నం మాత్రల మత్తు, పాపం, ఆయన ఎంత ఆపుకున్నా కళ్ళు మూతలు పడ్డాయి. గురక మొదలైంది.

నేను ఆపలేదు. చివరిదాకా చెప్పాను.