కొంగుముడితో సముద్రం దాకా

యాభై ఏళ్లు దాటినా మొన్నటిదాకా సముద్రం చూడలేదు నేను. వీలు కాక కాదు, ఒక మాట కోసం.

పెళ్లైన కొత్తలో మా ఆయన యూనివర్సిటీ క్యాంపస్‌లో అటెండరుగా చేరాడు. సాయంత్రం ఆయన డ్యూటీ దిగే వేళకు తార్నాక నుంచి నడిచి వెళ్లేదాన్ని. ఇద్దరం అక్కడి చెట్ల కింద తిరిగి ఇంటికి వచ్చేవాళ్లం. మొగుడూ పెళ్లాం మొదటిసారి సముద్రంలో మునిగేటప్పుడు కొంగుముడి వేసుకోవాలని మా అత్తమ్మ చెప్పేది. ఆ మాట విని ఒకరోజు ఆయన, "నువ్వు లేంది నేను చూడ, నేను లేంది నువ్వు చూడొద్దు" అన్నాడు. మా చెల్లెలు రెండుసార్లు వైజాగ్‌కు పిలిచినా నేను పోలేదు.

మొన్న మా అమ్మాయి మమ్మల్ని సూర్యలంక బీచ్‌కు తీసుకెళ్లింది. సరుగుడు తోట దాటకముందే హోరు వినిపించింది. ఒడ్డున ఒక ముసలమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నీళ్లు పాదాలకు తగిలినప్పుడల్లా చంటిపిల్లలా నవ్వుతోంది. శనగగింజంత పీతలు ఇసుకను ఉండలు చేసి బొక్కల చుట్టూ పేర్చుకుంటున్నాయి. ఎంతసేపైనా చూడొచ్చు.

అమ్మాయి నా కొంగుకూ ఆయన కండువాకూ ముడి వేసింది. పసుపు కుంకుమ పొట్లం నా చేతిలో ఉంది. మోకాళ్ల లోతుకు వెళ్లామో లేదో, ఆయన నన్ను పక్కకు లాగాడు.

"అటు పోకే, గాడ గుంత ఉంటది."

"నీకెట్ల ఎరుక?"

"నీళ్ల రంగు చూస్తే తెల్వదా?"

ఇంతలో ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ గట్టిగా పిలిచింది. "ఏవండీ, మీ చెప్పులు దొరికాయా? పోయినేడు స్టూడెంట్లతో వచ్చారుగా! అల లాక్కుపోతే పిల్లలంతా వాటి వెనకాల పరిగెత్తారు. నవ్వలేక చచ్చామండీ బాబూ!"

ఆయన పడవల వైపు చూశాడు. నాకు మొత్తం కళ్ల ముందు కదిలింది. పోయినేడు వరంగల్‌లో రెండు రోజులు పరీక్షల డ్యూటీ అని వెళ్లి, ఉత్త కాళ్లతో ఇంటికొచ్చాడు. లాడ్జిలో చెప్పులు ఎవడో కొట్టేశాడన్నాడు. వేడినీళ్లతో కాళ్లు కడిగి, ఆ మధ్యాహ్నమే తార్నాకలో కొత్త జత కొనుక్కొచ్చాను. ఇప్పుడవి అమ్మాయి చేతిలో ఉన్నాయి.

"నిజమా నాన్నా?" అంది అమ్మాయి.

"డిపార్ట్‌మెంటు టూరు. సార్లు రమ్మన్నరు. ఎట్ల కాదంట?"

"రమ్మన్నరు, వచ్చినవ్. ఇంటికొచ్చి చెప్తే నేను కొడ్తనా?" అన్నాను.

"బాధపడ్తవని..."

"ఆ చెప్పుల దొంగను రెండు దినాలు తిట్టిపోసిన గదయ్యా. పక్కనే కూసొని ఊ కొట్టినవ్!"

టీవీలో సముద్రం కనిపించినప్పుడల్లా "ఇద్దరం కల్సి పోదాం తియ్" అనేవాడు. పోయినేడు ఇక్కడికి వచ్చిపోయాక కూడా అన్నాడు. నేను ఆశగా చూస్తుంటే, నా ముఖంలోకి చూస్తూనే అన్నాడు.

ముడి తడిసి బిగుసుకుపోయింది. పళ్లతో లాగి విప్పాను. పసుపు కుంకుమ ఒక్కదాన్నే వదిలి, ఒక్కదాన్నే మూడు మునకలు వేశాను. ఆయన కండువా భుజం మీద వేసుకుని మోకాళ్ల నీళ్లలో అలాగే నిలబడ్డాడు. రమ్మని పిలవలేదు నేను.

రైల్లో ఆయన టీ తెచ్చిస్తే తాగాను. ఖాళీ కప్పు అమ్మాయికిచ్చాను.

ఇంటికొచ్చాక పక్కింటావిడ వచ్చి కూర్చుంది. ముసలమ్మ సంగతీ పీతల సంగతీ అన్నీ చెప్పాను. "అక్కా, నీళ్లు లోతుంటయా?" అని అడిగింది.

"మీ బావనడుగు" అన్నాను. "నాకన్నా ముందు చూసొచ్చిండు."

ఆయన లేచి, చొక్కా తగిలించుకొని వీధిలోకి వెళ్లిపోయాడు.