కళ్ళకు కట్టని బిడ్డ

ప్రత్తిపాడులో దూది ఏకి పరుపులు కుట్టే సుభానీకి 1954 డిసెంబరు చలిలో ఆడపిల్ల పుట్టింది. బాలింతకు గాలి తగలకూడదని సుభానీ తల్లి రహిమున్నీసా గది తలుపులు బిగించి, కిటికీ సందుల్లో దూది కుక్కి, కోడలు చాంద్‌బీ మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టింది. ఆ ఊళ్ళో అందరూ చేసేదే. పొద్దున ఆమె పసిదానికి కాస్త ఎండ తగలనిద్దామని బయటికి తెచ్చి, ఇరుగుపొరుగుతో మాట్లాడుతూ కూర్చుండిపోయింది. తిరిగొచ్చి తలుపు తీసేసరికి చాంద్‌బీ పిలిస్తే పలకలేదు.

చాంద్‌బీ బతికింది. కొన్నాళ్ళకు మళ్ళీ మాట వచ్చింది, నడక వచ్చింది. రహిమున్నీసా బిడ్డను తెచ్చి ఎదురుగా పట్టుకుంది.

"ఏంటత్తా ఇది, ఎర్రగా ఉంది?" అంది చాంద్‌బీ.

ఆ ఎరుపు పిల్లకు చుట్టిన పాతచీర ముక్కది. ఏడుపు వినబడ్డాక గానీ అది తన బిడ్డ అని ఆమెకు తెలియలేదు.

సుభానీ భార్యను గుంటూరు తీసుకెళ్ళాడు. డాక్టరు గురునాథంగారు ఒక తాళంచెవి ఎత్తి చూపించారు.

"ఇదేంటమ్మా?"

"ఏదో మెరుస్తోందండి. ఏంటో తెలియట్లేదు."

"అందుకో."

తడుముకోకుండా చెయ్యి చాచి అందుకుంది. వేళ్ళకు తగలగానే "తాళంచెవండీ" అంది.

డాక్టరు సుభానీ వైపు తిరిగారు. "కళ్ళకేం కాలేదయ్యా. గీతలూ నీడలూ రంగులూ కళ్ళు తెచ్చి ఇస్తాయి. వాటిని కూర్చి ఇది చెంబు, ఇది మనిషి అని చెప్పాల్సింది మెదడు. కుంపటి విషగాలికి ఆ చోటు చెడింది. మరి చెయ్యి నేరుగా ఎలా వెళ్ళిందో నాకూ అర్థం కావట్లేదు."

"మందుందాండీ?"

ఆయన లేదన్నట్టు తల ఊపారు.

ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. గడప తగలకుండా దాటుతుంది, ఇచ్చిన గ్లాసు అందుకుంటుంది, మొగుణ్ణి మాత్రం పోల్చుకోలేదట! మిరప కల్లంలో కూలికి వెళితే, రంగుపోయి తెల్లబడ్డ తాలుకాయల్ని ఎర్రకాయల్లోంచి చకచకా ఏరేసేది. రంగులు తెలుస్తూనే ఉన్నాయి మరి. "అంతా నాటకం" అన్నారు ఆడవాళ్ళు. రహిమున్నీసా ఆ మాట వింటూ ఊరుకుంది. కుంపటి గురించి ఆలోచించడం కంటే నాటకమనుకోవడమే తేలిక.

కూతురు నసీమాకు కాస్త ఊహ తెలిశాక తోటిపిల్లలు ఏడిపించారు, మీ అమ్మకి నువ్వంటే ఇష్టం లేదని. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తల్లికి ఎదురుగా వచ్చి మాట్లాడకుండా నిలబడింది.

"ఎవరమ్మా? అత్తకోసం వచ్చారా? కూర్చోండి, పిలుస్తాను" అంది చాంద్‌బీ.

వెక్కి వెక్కి ఏడవడం వినబడింది. చాంద్‌బీ ఉన్నపళాన లేచి దగ్గరికి తీసుకోబోతే పిల్ల విదిలించుకుంది.

"నన్నెందుకు చూడవు?"

"చూస్తున్నానే తల్లీ. నీ గౌను పచ్చగా ఉంది. జుట్టు నల్లగా ఉంది. అన్నీ ఉన్నాయే, అన్నీ కలిసి నువ్వు కావడం లేదు."

పిల్లకు అర్థం కాలేదు. అయినా ఆ రోజునుంచి ఇంట్లో అడుగు పెడుతూనే "అమ్మా, నేనే" అనేది. బడినుంచి వచ్చినా, పక్కింటికెళ్ళి వచ్చినా అంతే.

పదో ఏడు నిండకుండానే నసీమా టైఫాయిడ్‌తో పోయింది. ఖబరస్తాన్‌కు తీసుకెళ్ళేముందు ఆడవాళ్ళను ఆఖరిచూపుకు రమ్మన్నారు. చాంద్‌బీ ముందు తెల్లటి గుడ్డ ఉంది, దాని మధ్య చామనచాయ ఉంది. ఆమె వంగి రెండు చేతులతో నుదురూ, రెప్పలూ, గడ్డమూ నిమిరింది. పక్కనున్న పెద్దావిడ వారించబోతే, "దానికి చూడ్డం అదేనమ్మా, ఊరుకో" అన్నాడు సుభానీ.

తర్వాత పలకరించడానికి వచ్చినవాళ్ళంతా, "పిల్ల రూపం కళ్ళకు కట్టినట్టుందమ్మా" అని ఏడ్చారు.

"నాకు ఎన్నడూ కట్టలేదు" అంది చాంద్‌బీ.

ఆ మాట విన్న రహిమున్నీసా కూలబడిపోయింది. "నా చేతుల్తోనే నీ కళ్ళు పొడిచానే అమ్మాయ్" అని అందరిముందూ తల బాదుకుంది. చాంద్‌బీ చెయ్యి చాచి ఆ చేతులు పట్టుకుని ఆపింది. తిట్టినా బాగుండేదని ముసలామె తర్వాత చాలాసార్లు అంది.

కల్లం పని లేని మధ్యాహ్నాలు కోడలి పక్కన కూర్చుని పిల్ల ఎలా ఉండేదో చెప్పేది. కనుబొమలు దగ్గరగా ఉండేవనీ, నవ్వితే ఎడమబుగ్గ సొట్టపడేదనీ, ముక్కు అచ్చం సుభానీదేననీ. చాంద్‌బీ కళ్ళు మూసుకుని వినేది. పెళ్ళినాటి సుభానీ ముఖం ఆమెకు బాగా గుర్తుంది. దానిమీద ఆ సొట్ట పెట్టి చూసేది, ఆ కనుబొమలు పెట్టి చూసేది. ఎన్ని పెట్టినా అది సుభానీ ముఖమే అయ్యేది.

"ఇంకోసారి చెప్పత్తా" అనేది.