వర్లీన్ బూట్లు, డెల్ ఫొటో

ఆ బూట్ల దుకాణం ముందునుంచి వెళ్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. వర్లీన్‌కి మండదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మీరనొచ్చు. నాకుంది, అంతే.

మా వయోమింగ్ కొండ ఊళ్ళో వర్లీన్ ఇరవై ఆరేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. అదే స్కూల్లో నేను వంటమనిషిని. మగ ఎల్క్ దుప్పిని వేటాడే పర్మిట్ కోసం ఆమె పద్నాలుగేళ్ళు లాటరీకి పేరు పంపింది. యాభై ఏడో ఏట వచ్చింది. అదీ ఒక్క సీజనుకే. ఆమె భయమల్లా కాళ్ళ గురించే. చిన్నప్పుడు ఒక గుర్రం కాలు తొక్కేయడంతో కుడిపాదం వెడల్పయింది. కొండ మీద బొబ్బలెక్కితే పద్నాలుగేళ్ళ ఎదురుచూపు బూడిదలో పోసిన పన్నీరే.

అందుకే బూట్లు కొనడానికి సాయంత్రం, బస్సు పని అయ్యాక బయల్దేరింది. అప్పటికి పాదాలు ఉబ్బి ఉంటాయి, కొండ మీదా అలాగే ఉబ్బుతాయి. ఉన్ని మేజోళ్ళు వెంట తెచ్చుకుంది. వీపు సంచిలో నలభై పౌన్ల పిండి వేసుకుంది, బరువు మోస్తే పాదం పరుచుకుంటుందని. తోడుగా నేనూ, ఆమె తమ్ముడు డెల్.

దుకాణం ట్రెంట్ అనే కుర్రాడిది. వాడు మమ్మల్ని దాటి డెల్ దగ్గరికెళ్ళాడు.

"ఏం అన్నా, ఈసారి నీకు ఎలాంటివి కావాలి?"

"బూట్లు నాకు," అంది వర్లీన్.

"అక్కకైతే ఇవి చూడన్నా, తేలిక. తోటపనికి భలే ఉంటాయి." వాటి లేసులు గులాబీరంగు.

"ఎల్క్ వేటకి బాబూ. మగవాళ్ళ సైజు ఎనిమిది, వెడల్పుది తియ్యి."

"ఆ పిండేంటన్నా, మీ అక్క ఇక్కడే రొట్టెలు కాలుస్తుందా?" అన్నాడు వాడు. డెల్ ఇకిలించాడు. ఆ క్షణంలో ఇద్దర్నీ అదే పిండిలో ముంచాలనిపించింది నాకు.

వర్లీన్ పట్టించుకోలేదు. ఒక్కో జతా తొడుక్కుని, సరుకు దించే చెక్క వాలు మీద సంచితో దిగి చూసింది. వేళ్ళు ముందుకి తగిలిన జతల్ని పక్కన పెట్టేసింది. అలా ఏడు జతలు పోయాక ఎనిమిదోది కుదిరింది. వేసవంతా వాటితోనే తిరిగింది, చర్చికి కూడా.

అక్టోబరులో కొండెక్కిన మూడో రోజున ఆమె తుపాకీ ఒక్కసారే మోగింది. తోడెళ్ళిన డెల్ మోకాలి నొప్పని గుడారం దగ్గరే కాఫీ కాచుకుంటూ కూర్చున్నాడు. మాంసాన్ని ఆరు మోపులు చేసి, మైలున్నర దూరం రెండు రోజులపాటు ఆమె ఒక్కతే మోసింది. ఒక్క బొబ్బ లేదు. ట్రక్కులో కొమ్ములు పెట్టి, పక్కన డెల్‌ని నిలబెట్టి ఫొటో తీసిందీ ఆమే.

వారం తర్వాత ఆ ఫొటో ట్రెంట్ దుకాణం గోడ మీద కనబడింది. కింద "డెల్ కొట్టిన దుప్పి" అని రాసుంది. సొమ్మొకడిది, సోకొకడిది. దాని ముందు నిలబడి డెల్ మెచ్చుకునే ఊళ్ళోవాళ్ళతో చేతులు కలుపుతున్నాడు.

"నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?" అన్నాను.

"వాడే రాశాడు. నేనేం చెప్పలేదుగా."

"కాదనీ చెప్పలేదుగా."

వెళ్ళి వర్లీన్‌ని లాక్కొచ్చాను. ఇంకా నెత్తుటి మరకలున్న ఆ బూట్లతోనే వచ్చింది. డెల్ కిటికీలోంచి వీధిలోకి చూడసాగాడు. ఆమె బల్లమీది పెన్ను తీసి అతని పేరు కొట్టేసి, తన పేరు రాసింది. దాని కింద, "మగవాళ్ళ ఎనిమిది, వెడల్పు" అని రాసింది.

ట్రెంట్ మొహం కందిపోయింది. "వేటకని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదిగా మేడమ్."

"చెప్పాను బాబూ," అంది వర్లీన్. "అప్పుడు నువ్వు మా తమ్ముడితో మాట్లాడుతున్నావు."