విమానం కోసం ఆగిన రోడ్డు

నిరుడు మిరపకోతలప్పుడు, అద్దంకి దగ్గర మా ఊరి హైవే మీద యుద్ధవిమానాలు దింపి చూస్తారని చెప్పారు. పోలీసులు పొద్దున్నే లారీలూ బస్సులూ ఆపేశారు. కూలీలమంతా కోత ఆపి చేనిగట్టు ఎక్కాం. చెవులు పగిలే మోతతో విమానం రోడ్డును తాకుతున్నట్టే దూసుకొచ్చింది. భయపడి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అందరూ విమానం వంక చూస్తుంటే, అమ్మ మాత్రం ఖాళీ రోడ్డునే చూస్తోంది. అంతకుముందు ఏడాది మాకు మంచినీళ్ళు తెస్తూ, అక్కడే రోడ్డు దాటబోయి నాన్న లారీ కింద పడి చనిపోయాడు.

"అయితే బళ్ళన్నీ ఆపాలంటే ఆపగలరన్నమాటేగా, అమ్మాయ్?" అంది.

సాయంత్రం ఇంటికి బయల్దేరేసరికి లారీలు మళ్ళీ మొదలయ్యాయి. దాటడానికి సందు దొరక్క, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాం. ఇప్పటికీ విమానం చప్పుడైతే నా చూపు పైకి పోదు, రోడ్డు మీదికే పోతుంది.