బదులు చెప్పని గుంత

మా చిన్నప్పుడు శుక్రవారం పొద్దు వాలగానే బడి బడంతా వరుసకట్టి పాత పలకరాళ్ల గుంత దగ్గరికి నడిచేది... ముందు అయ్యవారు, వెనుక మేము. దాన్ని 'నడవడి గంట' అనేవాళ్లం.

తెల్లదొరల కాలం, యుద్ధం రోజులు. మా మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మా పల్లెకు సర్కారు బడి లేదు. అందుకని దేవదానం అయ్యవారు తన సొంత కొట్టంలోనే బడి పెట్టారు. గొర్రెలు కాసుకునే మా ఇళ్ల పిల్లలు, రాళ్ల పనికి పోయే కిరస్తానీ ఇళ్ల పిల్లలు... అందరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. లెక్క తప్పితే ఆయన నవ్వి ఊరుకునేవారు. నడవడి తప్పితే మాత్రం ఊరుకునేవారు కాదు.

పలకల కోసం తవ్వి వదిలేసిన గుంత అది. నిటారుగా కోసిన నల్లటి గోడలు... అడుగున కదలని నీళ్లు. మా మేకలు కూడా ఆ అంచుకు పోయేవి కావు. ఒక్కొక్కరం అక్కడ నిలబడి, ఆ వారం చేసిన పని ఒకటి గట్టిగా చెప్పాలి. నేను "చెల్లెల్ని కొట్టినాను" అని అరిస్తే, లోపలి నుంచి "కొట్టినాను..." అని వచ్చేది. నా గొంతే. కానీ నాది కానట్టుండేది. వీపు జలదరించేది.

"మీ మాట మీ చెవికే సిగ్గనిపిస్తే అది తప్పు. ఇంకొకరు చెప్పే పన్లేదు" అనేవారు అయ్యవారు.

ఆయన చెప్పింది అంతే. దానికి చిలవలు పలవలు అల్లింది మేము... అబద్ధమాడితే గుంత బదులు చెప్పదని. ఆ నమ్మకం మా నుంచి మెల్లగా ఆయనకూ అంటుకుంది. చదువుకున్న మనిషే, అయినా అంటుకుంది!

ఒక వానాకాలం బడిలోని కిరసనాయిలు సీసా పోయింది. యుద్ధం రోజుల్లో కిరసనాయిలంటే బంగారమే. ముందురోజు పొద్దుపోయేదాకా ఎస్తేరు వాళ్లింట్లో దీపం వెలిగిందని ఎవరో అన్నారు. ఎస్తేరు నా జతగత్తె. వాళ్లమ్మ రాళ్లు మోసేది. బడి మాన్పిస్తే మర్నాటి నుంచి తన నెత్తి మీద కూడా తట్టే. ఆ సంగతి ఎస్తేరుకు తెలుసు, నాకూ తెలుసు.

"నేను తీయలేదయ్యోరా. మాయమ్మకు జరమొచ్చింది. ఎలిగింది ఆముదం దీపం" అంది.

"అట్లయితే గుంత కాడ చెప్పు" అన్నారాయన. "అది తిరిగి పలికితే నేను నమ్ముతా. పలక్కపోతే రేపట్నుంచి బడికి రావద్దు."

ఆ సాయంత్రం ఆకాశం నిండా మబ్బు. గాలి లేదు, ఆకు కదల్లేదు. ఎస్తేరు అంచున నిలబడి "నేను తీయలేదు" అని అరిచింది.

గుంత పలకలేదు...

మళ్లీ అరిచింది, గొంతు చీరుకుపోయేలా. ఏమీ లేదు. ఆ మాటను కింద ఎవరో నోరు తెరిచి మింగేసినట్టుంది. పిల్లలందరూ ఎస్తేరు పక్క నుంచి జరిగిపోయారు. "అబద్దం చెప్పింది మే" అని నా వెనక ఎవరో గుసగుసలాడారు. నేను తన చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి చల్లగా, రాయిలా ఉంది.

అయ్యవారు వెనక్కి తిరిగారు. "ఇంకేముంది, పదండి" అన్నారు.

అప్పుడు ఎస్తేరు ఏడుపు ఆపి, "అయ్యోరా, మీరొకసారి అనండి" అంది.

"ఏందనేది?"

"ఎస్తేరు దొంగ అని అనండి. అది నిజమైతే పలుకుతాది గదా."

ఆయన అంచుకు వచ్చి "ఎస్తేరు దొంగ!" అని అరిచారు. ప్రార్థనలో ఊరంతా వినిపించే గొంతు ఆయనది.

గుంత పలకలేదు.

ఆయన మొహం పాలిపోయింది. అక్కడే గొంతుక్కూర్చున్నారు. ఎస్తేరు కళ్లలోకి చూసి, పక్కనున్న నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా, "తప్పు నాది తల్లీ" అన్నారు.

గుంత మొత్తం పలికింది... "తప్పు నాది తల్లీ..." అని నాలుగు గోడలూ ఒకదాని తర్వాత ఒకటి. అంత చిన్న మాటకు అంత గొంతు ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. మా అబ్బాయి గాలి, తేమ అని ఏవేవో లెక్కలు చెప్తాడు. చెప్తాడులే, వాడు అక్కడ నిలబడలేదుగా!

సీసా ఎవరు తీశారో ఎప్పటికీ తేలలేదు. ఎస్తేరు మాత్రం బడి మానలేదు. పెద్దయ్యాక గిద్దలూరులో పంతులమ్మ అయింది. చనిపోయినాక కూడా ఆ ఊళ్లో తన పేరు తలుచుకునేవాళ్లున్నారు, నాకు అదే గర్వం.

అయ్యవారు మమ్మల్ని ఇంకెప్పుడూ గుంత దగ్గరికి తీసుకుపోలేదు. నడవడి గంట కొట్టంలోనే జరిగేది... ముందు ఆయన ఆ వారం చేసిన తప్పు చెప్పేవారు. ఆ తర్వాతే మేము.

ఈమధ్య మా అబ్బాయి నన్నూ మనవరాలినీ కారులో ఆ పక్కకు తీసుకుపోయాడు. రాతి ముక్కలు పోసి గుంతను పూడ్చేశారు. పైన కంపచెట్లు. అక్కడ నిలబడి 'ఎస్తేరూ' అని పిలుద్దామని నోరు తెరిచాను... తిరిగి వినిపిస్తుందేమోనని భయమేసి మూసుకున్నాను.

ఇదంతా నేను చెప్తుంటే మనవరాలే ఫోనులో కొడుతోంది. దాని బడిలో నీతికి కూడా పుస్తకముందట, పరీక్ష ఉందట, మార్కులున్నాయట. "మీ టీచరెప్పుడైనా తప్పు నాది అనిందా?" అని అడిగితే, అదేం ప్రశ్న అన్నట్టు నవ్వింది...

మీ చిన్నతనంలో మీ ముందు అట్లా అన్న పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి రాయండి. మనవరాలు చదివి వినిపిస్తుంది, నేను వింటాను.