ప్రసాద్ గారి ఖాళీ ఫైలు

దయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే స్క్రీన్‌షాట్ ఉందా అని అడిగే రకం నేను. ఇప్పటికీ అంతే. నా దగ్గరే స్క్రీన్‌షాట్ ఉండటం ఇబ్బంది.

మా ఆఫీసు హైటెక్ సిటీలో. ఒక విదేశీ ఇన్సూరెన్స్ కంపెనీ మెయిన్‌ఫ్రేమ్‌ను చూసుకోవడం మా పని. మెయిన్‌ఫ్రేమ్ అంటే మా నాన్న కాలం నాటి పెద్ద కంప్యూటర్. ఆయనలాగే ఏదీ మరచిపోదు. ఏ ఫైలు ఎవరి ఐడీతో, ఏ కంప్యూటర్ నుంచి, ఎన్నింటికి, ఎక్కడికి వెళ్లిందో అన్నీ లాగ్‌లో పడతాయి.

ఆ కంపెనీకి వెళ్లే నెలాఖరు ఫైలును పన్నెండేళ్లు మా టీమ్ సీనియర్ ప్రసాద్ గారే పంపారు. అసలు ఫైలుకు రెండు నిమిషాల ముందు ఏమీ లేని ఖాళీ ఫైలు పంపడం ఆయన అలవాటు. "దారి ఉందో లేదో చూసుకోవాలి కదండీ" అనేవారు. మేం నవ్వేవాళ్లం. మొన్న వానాకాలంలో గుండెపోటుతో పోయారు. పదో రోజున ఆయన ఐడీని నేనే రద్దు చేశాను.

రెండు నెలల తర్వాత, పాలసీదారుల వివరాలున్న ఫైలు బయటి అడ్రసుకు వెళ్లిందని క్లయింట్ నుంచి మెయిల్ వచ్చింది. వెళ్లిన సమయం నెలాఖరు రోజు మధ్యాహ్నం రెండూ పదిహేడు. అప్పుడు మేమంతా కెఫెటేరియాలో ఎవరిదో పుట్టినరోజు కేకు చుట్టూ ఉన్నాం. సీట్లో ఉన్నది స్వప్న ఒక్కతే. సిద్దిపేట అమ్మాయి. కాంట్రాక్టు మీద చేరి ఏడు నెలలు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తుంది.

"నేను పంపలేదన్నా. లాగ్‌ల చూడు, తెలుస్తది గదా" అంది.

చూశాను. రెండుంబావుకు ఖాళీ ఫైలు. రెండూ పదిహేడుకు అసలు ఫైలు. ఐడీ ప్రసాద్ గారిది. వెళ్లింది ఆయన ఏళ్ల తరబడి పంపిన పాత అడ్రసుకు. క్లయింట్ దాన్ని వదిలేశాక ఇప్పుడు అది ఎవరిదో. రద్దయిన ఐడీతో ఎవరు ప్రయత్నించినా తిరస్కరించినట్టు పడాలి. సక్సెస్ అని పడింది. ఐడీ రద్దయ్యే ఉంది.

పంపిన కంప్యూటర్ ఆయన పాత ల్యాప్‌టాప్. అది బేస్‌మెంట్ స్టోర్‌లో ఉంది. సెక్యూరిటీ గార్డు యాదగిరి తాళం తీశాడు. డబ్బాకు వేసిన సీలు అలాగే ఉంది. విప్పితే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ లేదు, హార్డ్‌డిస్కూ లేదు.

"ఏంది సార్, ఉత్త డొల్ల. దీనికోసమా గింత పరేషానైతున్నవ్?" అన్నాడు. నవ్వబోయాను. రాలేదు.

మేనేజర్ మురళి గారు అంతా ఓపిగ్గా విన్నారు. "పోయినాయన పంపాడని క్లయింటుకి రాయమంటావా బాబూ? ఆయన పాస్‌వర్డ్ మీ అందరికీ తెలుసు కదా. సీట్లో ఎవరున్నారో వాళ్ల పేరు పెట్టు" అన్నారు. రిపోర్టు సాయంత్రంలోగా వెళ్లకపోతే టీమ్ మొత్తం మీదికి వస్తుందట. ఫారంలో బాధ్యుల పేరు దగ్గర, ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేర్లే కనిపిస్తాయి. ఖాళీగా వదిలితే ముందుకు కదలదు.

ఎంచుకున్నాను.

ఆ సాయంత్రమే స్వప్న బ్యాడ్జి తీసేసుకున్నారు. నా సీటు పక్కనుంచే వెళ్లింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో జోకు వేసేవాణ్నేమో.

మరుసటి నెలాఖరున, రెండుంబావుకు, లాగ్‌లో ఇంకో వరుస పడింది. ఖాళీ ఫైలు, ప్రసాద్ గారి ఐడీ. ఆ అడ్రసుకు దారి మూసేశాం కాబట్టి ఫెయిల్ అని పడింది. అసలు ఫైలు జోలికి ఎవరూ పోలేదు. మురళి గారికి చూపించాను. "అది క్లోజైపోయిన కేసు కదయ్యా" అన్నారు.

స్వప్నకు ఫోన్ చేశాను. తెల్లాపూర్‌లో ఏదో గేటెడ్ కమ్యూనిటీ ఆఫీసులో చేస్తోందట. నీ తప్పు లేదని ఇప్పుడు తేలిపోయింది అన్నాను.

"ఇగ ఏంజేస్తవన్నా? ఆయన్ని తోల్కొచ్చి సాక్ష్యం చెప్పిస్తవా?" అంది. ఎవరో వచ్చారని పెట్టేసింది.

ఆ ఐడీ లోపలికి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాకన్నా తెలిసినవాళ్లను అడిగాను, వాళ్లకూ తెలియదు. ఫారాలకు కూడా లాగ్ ఉంటుంది. స్వప్న పేరు ఎంచుకున్న వరుసను తీసి చూశాను. సమయం సాయంత్రం నాలుగూ నలభై. ఐడీ నాది. ఆ సమయానికి నేను సీట్లోనే ఉన్నాను.