పెట్టె మీద పోసిన కల్లు సాక

నాకు రాయరాదు, సంతకం మటుకు పెడత. మా ఆయనకు అది గూడ రాకపోవు. శ్రీరాంపూర్ల బొగ్గుబాయిల పని దొరికితే ఒక్కడే పోయిండు. నేను, పిల్ల, మా అత్త చొప్పదండిల ఉంటిమి. ఉత్తరం రాయరాదాయె, తోటి పనోళ్ల టేపురికార్డు ముందట కూసొని మాట్లాడి, క్యాసెట్ పంపిండు. అది మా చేతికి వచ్చిన కొన్నాళ్లకే బాయిల బండ కూలి మీద పడ్డది. మనిషి పోయిండు.

అగో, అప్పటిసంది మా అత్తకు ఆ క్యాసెట్టే కొడుకు. పొద్దుందాక పనిచేసి వచ్చి, పెట్టుమంటది. "అవ్వా, తిన్నవా?" అంటడు అందుల. "తిన్న బిడ్డా, మరి నువ్వు?" అంటది ఈమె. "నేను గూడ తిన్ననే" అంటడు ఆయన. మాట మాటకు జవాబు. ఎవలన్న చూస్తే తల్లీకొడుకు అరుగు మీద కూసొని ముచ్చట పెడుతున్నరనుకుంటరు. నేను అవతల మొఖం పెట్టుకొని అంట్లు తోముకుందును.

ఏండ్లు పోయినయ్. అత్తకు కండ్లు మసకలైనయ్. టేపు సాగి సాగి మా ఆయన గొంతు తాగినోని గొంతు లెక్క అయింది. పిల్ల పెండ్లి చేసిన. అల్లుడు మా గల్లీల్నే కంప్యూటర్ దుకాణం పెట్టిండు, పెండ్లి పత్రికలు, దరఖాస్తులు టైపు కొడ్తడు.

"అత్తమ్మా, గీ టేపు ఇయ్యాలనో రేపో తెగుతది. మామ గొంతు కంప్యూటర్ల ఎక్కిస్త. అందుల అరుగుడు ఉండది" అన్నడు.

సాగిన గొంతును సరిజేసి ఎక్కిచ్చిండు. ఎక్కిచ్చినంక రెండు మూడు దినాలకే, అన్నట్టే టేపు తెగింది. ముద్దయితే పారేసినం. ఇగ రోజూ మాపటీలి అత్త దుకాణానికి పోవుడు మొదలువెట్టింది.

అల్లుడు మజాక్ చేసెటోడు. "ముసలవ్వా, మామ పెట్టెలకెళ్లి దిగి వస్తడేమో, బువ్వ వండిపెట్టు."

"నీ లెక్క సగం మాట మింగడు నా కొడుకు. తియ్యి, మాట్లాడనియ్యి."

పెత్రమాస వచ్చింది. ఆ దినం సచ్చినోళ్ల పేరు మీద బియ్యం ఇస్తం. కల్లు తాగిన మనిషైతే గోరీ మీద కల్లు ధార పోస్తం, దాన్నే సాక అంటం, అది మా తాన రివాజు. అయ్యగారికి బియ్యం ఇచ్చి నేను పొయ్యి కాడికి పోయిన. అల్లుడు బువ్వ తినడానికి వచ్చిండు. ఆ నడుమ ముసల్ది కల్లు లొట్టి పట్టుకొని దుకాణానికి పోయింది. గోడ పట్టుకుంట పట్టుకుంట పోయి, నడుస్తున్న కంప్యూటర్ పెట్టె మీద పోసింది.

కాలిన వాసన గల్లీలకు వచ్చింది. మేం ఉరికితే ఆమె చేతులు జోడిచ్చి నిలవడి ఉన్నది. పెట్టె సందులల్లకెళ్లి నురగ కారుతున్నది.

"ఏం జేసినవే ముసలవ్వా!" అని అల్లుడు నెత్తి పట్టుకున్నడు.

"నా కొడుక్కు సాక పోసిన. వాణ్ణి కాలవెట్టిర్రు, గోరీ లేకపాయె. పెట్టెల ఉన్నడాయె, పెట్టె మీద పోసిన. మీకు యాది లేకపోతే నేనేం జెయ్యాలె?"

ఏమనాలె ఆమెను?

అల్లుడు పెట్టె విప్పి, అందుల హార్డ్ డిస్క్ అంటరు, అది తీసి కరీంనగర్ పట్టుకపోయిండు. మాతోని కాదన్నరు. పట్నం పోయిండు. అక్కడ ఒకాయన చూసి, డిస్క్ మీద ఉండే కరెంటు పలక కాలింది, గసొంటిదే ఇంకోటి దొరికితే దాని పలక దీనికి పెట్టి చూస్తనన్నడట. గసొంటిది దొరకాలె గద. ఎదురుచూసుడు పడ్డది.

అత్త రోజూ పొద్దుగాల ఒకటే మాట. "లేచిండా?"

"ఇంక లేవలే అత్తా."

"కల్లు ఎక్కువైందేమో. పండుకోనియ్యి."

బతుకమ్మ పోయింది, దసర పోయింది. గసొంటిది దొరికి, అల్లుడు ఆ డిస్క్ పట్టుకొని వచ్చిండు గని, మొఖంల నెత్తురు లేదు. ఊరోళ్ల పెండ్లి పత్రికలన్ని వచ్చినయ్. దరఖాస్తులు వచ్చినయ్. మామ గొంతు మటుకు మొదటి ముక్కనే వచ్చిందన్నడు. అత్తను కూసుండవెట్టి ఆడిచ్చిండు.

"అవ్వా, తిన్నవా?"

గొంతు ఆయనదే. సాగలే, చెడలే.

"తిన్న బిడ్డా, మరి నువ్వు?"

పెట్టె గర్రుమన్నది. ఇగ ఏం లేదు. ముసల్ది చెవి ఒగ్గి కూసున్నది. మళ్ల ఆడిచ్చిండు. మళ్ల అడిగింది. మళ్ల గర్రు.

"తిన్న అంటడు గద అత్తా, నీకు ఎరికే గద" అన్న.

"నిన్నడిగిన్నా? వాణ్ణడుగుతున్న."

ఆ మాపు కంచం పెడితే పక్కకు జరిపింది. వాడు తిన్ననంటే తింట అన్నది. నా బిడ్డ బతిలాడింది, అల్లుడు కాళ్లు పట్టుకున్నడు. నేను దగ్గరికి పోయి, "తిన్నడే అత్తా, నా మాట ఇను" అన్న.

మసక కండ్లు నా దిక్కు తిప్పింది. "నువ్వు జూసినవా?"

జూసిన అంటే అయిపోవు. నోరు రాలే. ఆయన పోయినప్పుడు బాయి కాడికెళ్లి ఆయన బట్టలు, టిఫిన్ డబ్బ పనోళ్లు తెచ్చి ఇచ్చిన నాడు మూత తీసింది నేనే. అందుల ఒక్క మెతుకు ముట్టలే ఆయన.

ముసల్ది కార్తీకం దాటలే.